ఆరో నంబరు జెర్సీ

రగ్బీ జట్టు జాబితాలో ఆరో వరస దగ్గర డారెన్ వేలు ఆగిపోయింది. జోయెల్ ఫిర్త్ అని ఉందక్కడ. పదిహేడు పేర్లూ రెండుసార్లు చదివాడు. తన పేరు ఎక్కడా లేదు.

“ఆదివారం నా ఆఖరి మ్యాచ్ అని ఊరందరికీ తెలుసు!” అంటూ కోచ్ గదిలోకి దూసుకెళ్లాడు. “పదమూడేళ్లు ఈ క్లబ్బుకి ఆడాను. రెండుసార్లు దవడ విరగ్గొట్టుకున్నాను.”

కోచ్ టీ కప్పు కిందపెట్టాడు. “కాదన్నానా? ఈ మ్యాచ్ పోతే కింది డివిజనుకి పడిపోతాం. జోయెల్ నీకన్నా చురుకు. పైగా పెద్ద క్లబ్బు వాళ్లు వాణ్ని చూడ్డానికే వస్తున్నారు.”

“మా నాన్న వస్తున్నాడు.”

కోచ్ తల దించుకున్నాడు. డారెన్ తండ్రి వాల్టర్ నలభై ఏళ్లు బొగ్గు గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. రెండేళ్లుగా ఆక్సిజన్ సిలిండర్‌తో ఇంట్లోనే ఉన్నాడు. “ఈ ఒక్క ఆట చూపించరా, చాలు” అని వారం నుంచీ ఒకటే గొడవ.

“ఏం చెయ్యనురా,” అన్నాడు కోచ్.

బయట జోయెల్ నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్లు. మోకాళ్లకి ఒక్క మచ్చ లేదు. నిన్నటిదాకా డారెన్ చుట్టూ మూగిన పిల్లలు ఇప్పుడు వాడి సంతకం కోసం ఎగబడుతున్నారు. స్టాండు వెనక వేయించిన చేపలూ చిప్సూ అమ్మే డోరీన్ కూడా వాడి పొట్లంలో ఓ చేప ముక్క ఎక్కువే వేస్తుంది.

“అన్నా, మీ నాన్నగారు ఆదివారం వస్తున్నారా?” అని అడిగాడు జోయెల్.

“వస్తున్నాడు. నిన్ను చూసి చప్పట్లు కొట్టడానికి.”

“అది కాదన్నా...”

“జెర్సీ తీసుకున్నావుగా? ఇంకేం కావాలి, నా మోకాళ్లా? తీసుకుపో, అవి ఎందుకూ పనికిరావు.”

జోయెల్ మెల్లగా మైదానం వైపు నడిచాడు.

గురువారం ప్రాక్టీసులో బంతి అందుకుని పరిగెత్తబోయిన జోయెల్, ఉన్నట్టుండి తొడ పట్టుకుని బురదలో కూలబడ్డాడు. కోచ్ తిట్టుకుంటూ పరిగెత్తాడు. ఇద్దరు పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ తీసుకెళ్లారు. డారెన్ గుండె గంతులేసింది. అందుకు సిగ్గుపడ్డాడు గానీ, ఎంతోసేపు కాదు.

“ఆరు నువ్వే,” అంటూ కోచ్ జెర్సీ విసిరాడు.

“పాపం, పెద్ద క్లబ్బు వాళ్లకి దండగ ప్రయాణం!” అన్నాడు డారెన్. నవ్వు కనపడకుండా వంగి బూటు లేసు బిగించుకున్నాడు.

ఆదివారం వాన. వాల్టర్ చక్రాల కుర్చీని మైదానం గీత పక్కనే పెట్టారు. జోయెల్ కుంటుకుంటూ వచ్చి ఆయన మీద గొడుగు పట్టాడు. మైదానంలోంచి అది చూసి డారెన్ పళ్లు నూరాడు. ‘ఆఖరికి మా నాన్నని కూడా వదలడా వీడు?’

సగం ఆట కాగానే పెద్ద క్లబ్బు మనుషులు ఇద్దరూ కారెక్కి వెళ్లిపోయారు. అది మాత్రం కంటికి ఇంపుగానే ఉంది.

ఆట ఇంకా రెండు నిమిషాలే ఉందనగా స్కోరు సమం. బంతి డారెన్ చేతికొచ్చింది. ముగ్గురు మీదికొస్తున్నారు. బంతిని నేలకి తాకించి, లేస్తుండగానే తన్నాడు. బంతి గోలు కర్రల మధ్య నుంచి పోయింది; అలా తన్నితే ఒక పాయింటు. ఆ ఒక్క పాయింటుతోనే గెలిచారు. వాల్టర్ మాస్కు లాగేసి, “వాడు నా కొడుకు!” అని అరిచాడు. ఆ అరుపు డారెన్‌కి మైదానం మధ్యదాకా వినపడింది.

తర్వాత డ్రెస్సింగ్ రూములో, ఆటగాళ్ల దెబ్బలు చూసే ఫిజియో లిండ్సే అతని చిట్లిన కనుబొమకి కుట్లేస్తోంది. ఆవిడ వారమంతా ఆసుపత్రిలో పనిచేసి, ఆదివారాలే క్లబ్బుకొస్తుంది. గెలిచిన ఊపులో డారెన్ మనసు కాస్త మెత్తబడింది.

“ఆ కుర్రాడి తొడ తగ్గడానికి ఎన్నాళ్లు పడుతుంది?”

లిండ్సే చెయ్యి ఆగింది. “పొద్దున్నే చూశాను. నీకు చెప్పొద్దని బతిమాలాడు.”

“అంత పెద్ద దెబ్బా?”

ఆవిడ దారం కత్తిరించింది.

“ఆ తొడకేమీ కాలేదు, నాయనా.”