కుండీలో చెయ్యి

“మొలిచాయా అమ్మా?”

ఇది తొమ్మిదో రోజు. పెరటి గోడ అవతల వీధిలో అదే ముసలాయన, అదే ప్రశ్న.

కోడలికి ఒళ్లు మండింది. కుట్టుమిషను ఆపి, ఇంకా లేదని ముక్తసరిగా చెప్పింది.

కుండీలో ఉన్నవి మామూలు గింజలు కావు మరి. ఊరి చివర, అత్తగారి పుట్టింటి పక్కన నల్లటి చిన్న పళ్లు కాసే కలివి ముళ్లపొద ఒకటి ఉండేది. ఎనిమిదేళ్ల కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇల్లూ పోయింది, పొదా పోయింది. ముందురోజు ఆవిడ పరుగున వెళ్లి గుప్పెడు పళ్లు కోసుకొచ్చి, గింజలు కడిగి, చక్కగా ఎండబెట్టి సీసాలో దాచుకుంది. ఇన్నేళ్లూ అద్దె గదుల్లోనే గడిచింది. ఇంత పెరడున్న ఇల్లు ఇప్పటికి దొరికింది.

పోయేలోపు ఆ పొదను ఒక్కసారి చూసుకోవాలని అత్తగారి ఆశ. పొద్దున్నే పీట వేసుకుని కుండీ ముందు కూర్చునేది. మధ్యమధ్యలో ఆ రోడ్డు మిషనువాణ్ణి తలుచుకుని, వాడి చేతులు పడిపోనూ అని తిట్టేది. ముసలాయన గోడ దగ్గర తలవంచుకుని వినేవాడు.

పదో రోజున ఆయన నసిగాడు.

“కలివి గింజ పండు తిన్న వెంటనే నాటాలమ్మా. ఎండితే ఇక రాదు.”

అత్తగారు ఆ పూట భోజనం ముట్టలేదు.

కోడలు ఊరుకుంటుందా? అత్తగారిని తను ఎన్నయినా అనొచ్చు గానీ పైవాళ్లు బాధపెడితే పడదు. మీ నోట మంచిమాటే రాదా అని ఆయన్ని గోడ మీదుగానే దులిపేసింది.

మూడు రోజుల తర్వాత కోడలు కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి అత్తగారు లోపల కునుకు తీస్తోంది. పెరటి తలుపు తీసి ఉంది. ముసలాయన కుండీ ముందు గొంతుక్కూర్చుని మట్టిలో చెయ్యి పెట్టాడు.

“ముసలమ్మ గింజలు కూడా వదలవా?”

ఆయన చేతిమట్టి చొక్కాకు తుడుచుకుని లేచాడు. పెరటి తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ వీధిలోకి రాలేదు.

నెల తిరక్కుండానే మూడు మొలకలు లేచాయి.

నా పుట్టిల్లు మొలిచిందే అంటూ అత్తగారు కోడలి బుగ్గలు పుణికింది. రానే రావన్నాడు, పెద్ద చెప్పొచ్చాడు అని కోడలు మురిసిపోయింది. ఆ మూడు మొక్కల్నీ అత్తాకోడళ్లు చంటిపిల్లల్లా సాకారు.

మూడో ఏడు కొమ్మ కొమ్మకీ నల్లగా కాసింది.

అత్తగారు ఒక పండు నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. అచ్చం అదే రుచి అంది. ఆ సంతోషంలో ముసలాయన గుర్తొచ్చాడు. పాపం, రోజూ అడిగేవాడు, నువ్వేమో తిట్టిపోశావు, ఓ గుప్పెడు ఇచ్చి రావే అని కోడల్ని తరిమింది.

ఇస్త్రీ బండి అతను ఇల్లు చూపించాడు. తలుపు తీసింది ఆయన కూతురు. నాన్న పోయి ఆర్నెల్లయిందని చెప్పింది.

కోడలు తను ఫలానా వీధిలో బట్టలు కుడతానని, ఆయన్ని అనరాని మాట అన్నానని, క్షమించమని అడగడానికే వచ్చానని చెప్పి పళ్లు ఆమె చేతిలో పోసింది.

ఆ అమ్మాయి ఒక పండు చిదిమి గింజలు చూసింది.

“మీ అత్తగారికి మాత్రం చెప్పకక్కా. అప్పుడు ఆ రోడ్డు మిషను నడిపింది మా నాన్నే. పొదను పెకలించిన రోజు దాని పళ్లు జేబులో వేసుకొచ్చి మా పెరట్లో మొలిపించాడు, మీ కుండీలో పెట్టింది ఆ మొక్క గింజలే.”