ఏడో స్థానం

అమ్మాయీ, నీ బీపీ ఎలా ఉంది? అల్లుడుగారి మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నదాని దగ్గు? ఇక్కడ నా గుండె మాత్రం ఇంకా దడదడలాడుతూనే ఉంది.

ఈ ఏడాది వచ్చిన రాక్, ఇండీ ఆల్బమ్‌లలో తనకు నచ్చిన పదింటికి నీ కొడుకు నిన్న రేడియోలో ర్యాంకులు చెప్పాడు. నీ కోడలి బ్యాండు ఆల్బమ్ కూడా ఈ ఏడాదిదే కదా. దాని గురించే వారం రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. పిల్ల పెట్టె సర్దుకుని, చెప్పులేసుకుని మరీ రేడియో ముందు కూర్చుంది. మొదటి స్థానం ఇవ్వకపోతే పుట్టింటికి వెళ్లిపోతుందని నా భయం.

పదోది దానిది కాదు. తొమ్మిదీ కాదు, ఎనిమిదీ కాదు. మొదటిదే అయ్యుండాలని దేవుడికి దండాలు పెట్టుకుంటున్నాను. ఇంతలో ఏడో స్థానం అంటూ దాని ఆల్బమ్ పేరు చదివేశాడు. అంతటితో ఊరుకున్నాడా! "మూడో పాటలో గిటార్ల చాటున గొంతు దాచేసుకుంది. ధైర్యంగా పాడి ఉంటే ఇంకా పైకి వచ్చేది," అన్నాడు.

రేడియో కట్టేయబోయాను.

"ఆపకండి అమ్మమ్మా!" అని నా చెయ్యి పట్టుకుంది. ఏడుస్తూనే నవ్వుతోంది. "ఇన్నాళ్లూ ఏ పాట వినిపించినా బ్రహ్మాండం అనేసి ఫోన్ చూసుకునేవాడు. ఇవాళ ఫస్ట్ ఇచ్చి ఉంటే ఈపాటికి బస్సులో ఉండేదాన్ని. ఆ మూడో పాట నిజంగా అలాగే ఉంది. మీ మనవడు విన్నాడు!"

చెప్పులు విప్పేసింది.

పధ్నాలుగో తేదీ ఆదివారం ఇద్దరూ మీ ఇంటికి వస్తున్నారు. నీకు పాట వినిపిస్తుందట. నీకు పుణ్యముంటుంది, ఊరికే బాగుందని మాత్రం అనకు.