ఒక ఇంటికి ఒకే కుటుంబం

"పదకొండో నంబరు ఇంట్లో రోజుకో కొత్త మొహం," అంది గ్లెనిస్, కమిటీ మీటింగులో. "ఒక ఇంట్లో ఒకే కుటుంబం ఉండాలని, కొనేటప్పుడు అందరం సంతకం పెట్టామా లేదా? ఆ ఓనరేమో గదికో మనిషిని అద్దెకు పెట్టాడు. ఇది కాలనీయా, సత్రమా?"

అందరూ రోలండ్ వైపు చూశారు. కాలనీ కమిటీకి అతనే అధ్యక్షుడు. నిబంధన మీరితే నోటీసు ఇవ్వాల్సిందీ అతనే. నోటీసు తర్వాత కోర్టు. కోర్టు తర్వాత అద్దెకున్నవాళ్లు వీధిన పడతారు. కమిటీ మీటింగుల్లో బిస్కెట్లకు కొదవుండదు, జాలికే.

"మీరు ఆ ఇంటి మీద బాగానే కన్నేసి ఉంచారు. పొద్దునా సాయంత్రం అక్కడే కనిపిస్తారు," అంది గ్లెనిస్ మెచ్చుకోలుగా. "ఇంకా ఆలస్యం దేనికి?"

రోలండ్ ఏదో చెప్పబోయి మానేశాడు. "సరే, ఇచ్చేద్దాం," అన్నాడు.

మర్నాడు సాక్ష్యం కోసం ఆ ఇంట్లో ఫొటోలు తీశాడు. ప్రతి పడకగదికీ విడిగా తాళం. ఫ్రిజ్‌లో పాల సీసాల మీద ఎవరి పేరు వాళ్లది. ఒక సీసాను మాత్రం పేరు కనపడకుండా తిప్పి పెట్టాడు.

అక్కడ అద్దెకుండే నర్సు ఇఫియోమా అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. కోప్పడే ఓపిక కూడా ఆమెకు లేదు.

"నా చెప్పులు కూడా తీయండి, అవీ సాక్ష్యమేగా."

"నా చేతుల్లో ఏముందమ్మా?"

"అధ్యక్షులవారి చేతుల్లో లేకపోతే ఇంకెవరి చేతుల్లో ఉందట?"

ఆమె రెండు కప్పుల్లో టీ పోసి ఒకటి అతని ముందుకు తోసింది.

"ఈ లెస్టర్ ఊళ్లో ఇంత తక్కువ అద్దెకి ఇంకో గది దొరకదు. తెలుసుగా?"

"తెలుసు."

"మీటింగులో ఒక్క మాట చెప్పి ఉంటే ఆగిపోయేది."

"నోరు రాలేదు."

ఇద్దరూ టీ తాగారు. రోలండ్‌కి బాధ కూడా కలగలేదు. లోపల అంతా మొద్దుబారిపోయింది.

ఆదివారం వాన. నోటీసును ప్లాస్టిక్ కవరులో పెట్టి వీధి తలుపుకు అతికించాడు. ఎదురింటి కిటికీలోంచి గ్లెనిస్ భేష్ అన్నట్టు తల ఊపింది. అతనూ ఊపాడు.

ఆమె తెర వేసుకునేదాకా ఆగి, రోలండ్ జేబులోంచి తాళంచెవి తీసి అదే తలుపు తెరుచుకుని, భార్య తనను ఇంట్లోంచి పంపేసినప్పటి నుంచీ తాను అద్దెకుంటున్న మేడమీది గదిలోకి వెళ్లి పడుకున్నాడు.