పొరుగు గూటి పీలిక

చెరువు మీదికి వంగిన ఈతచెట్టు మీద సొట్టముక్కు గిజిగాడికి పొద్దుటి నుంచీ గింజ గొంతు దిగలేదు. రేపటి నుంచే పంతులు పనికి శిక్షణ. రెక్కలొచ్చి ఎవరి మాటా వినని కుర్ర గిజిగాళ్లకు అల్లిక నేర్పాలి. ముందు తన గూడు వాళ్లకు చూపించాలి. చూసి నవ్వితే?

పక్క ఈతమట్ట మీద పసుపుతలగాడు ఈల వేస్తూ ఊగుతున్నాడు. వాడూ రేపు శిక్షణకు వచ్చేవాడే. వాడి గూడు ఎంత నున్నగా ఉందో! సొట్టముక్కుకు కడుపు మండిపోయింది. వాడు నీళ్లకు దిగగానే వెళ్లి, ఆ గూట్లోంచి ఒక ఈతాకు పీలిక సర్రున లాగేశాడు.

పీలిక అంచంతా గంట్లు. అలాంటి గంట్లు పడేది తన సొట్ట ముక్కుతో చీల్చినప్పుడే. మొన్న తన గూట్లోంచి మాయమైన పీలిక ఇదే!

తిరిగొచ్చిన పసుపుతలగాడు సొట్టముక్కు దగ్గర ఆ పీలిక చూసి తల దించుకున్నాడు.

"నీ అల్లిక చూసి ఓర్చుకోలేకపోయానురా. రేపటి సంగతి తలుచుకుంటే భయమేస్తోంది. అందుకే ఈ ఈల."

సొట్టముక్కుకు కుళ్లు పూర్తిగా పోలేదు గాని, పీలికను తీసినచోటే దూర్చి ముడేశాడు.

"సరేలే, ముందు ఆ ఈల నాకు నేర్పు."