ఎర్ర సంచుల వంతు

ఆసుపత్రి లాండ్రీలో మధ్యాహ్నం భోజనాలయ్యాయి.

పెద్దక్క చేతులు తుడుచుకుని, ఆదివారం చర్చిలో అప్పజెప్పాల్సిన ప్రవచనం అందుకుంది. పుస్తకం చూడకుండా చెప్పడం ఆమె గొప్ప.

"రాబోయే రక్షకుడికి అందచందాలుండవని ప్రవక్త వందల ఏళ్ల ముందే చెప్పాడు. ఆయన మన రోగాలు మోస్తాడు. దేవుడే ఆయన్ని కొట్టాడనుకుని వాళ్లు మొహం తిప్పుకుంటారు."

మూలన ఒంటరిగా తింటున్న కొత్త మనిషి తలెత్తాడు.

"అక్కా, అక్కడ 'వాళ్లు' కాదు. 'మనం' అని ఉంటుంది."

అతను పనిలో చేరి నాలుగు నెలలు. మోచేతుల దాకా పుళ్లు. పేరెవరూ అడగలేదు, పుళ్లాయన అంటే సరిపోయేది. అతని పక్కన కూచుంటే ఎవరికీ ముద్ద దిగేది కాదు.

"నాకు నేర్పడానికొచ్చావా? ముందు నీ చేతులు చూసుకో. ఏ పాపం చేశావో ఏమో, దేవుడు అలా కొట్టాడు."

అతను డబ్బా మూసుకుని లేచాడు.

పెద్దక్క భయం వేరే. అతని పక్క బల్ల దగ్గరే దుప్పట్లు మడతపెడుతుంది ఆమె కోడలు. రెండుసార్లు కడుపు పోయి, మూడోసారి నిలిచింది. ఇప్పుడు అయిదో నెల.

"ఆ రసి నా కోడలికి అంటితే ఎవరిది పూచీ?" అంటూ తనే ఫిర్యాదు రాసింది. మొదటి సంతకం తనదే. కింద ఇంకో పదిమంది.

కోడలొక్కతే నసిగింది. "అత్తయ్యా, నా బుట్ట రోజూ ఆయనే ఎత్తిపెడతాడు."

"అదేనే నా భయం."

శనివారం అతన్ని పనిలోంచి తీసేశారు. అతను గేటు దాటుతుంటే పెద్దక్క మొహం తిప్పుకుంది. ఆదివారం ప్రవచనం గడగడా అప్పజెప్పింది. 'వాళ్లు' అనే చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు.

సోమవారం పొద్దున తలుపు తీస్తే గుమ్మం నిండా ఎర్ర సంచులు.

ఎర్ర సంచి అంటే అంటురోగాల వార్డు గుడ్డలు. ఘాటు మందు నీళ్లలో మరకలు చేత్తో వదిలించాకే మిషన్లో వేయాలి. ఇదివరకు వంతులవారీగా చేసేవాళ్లు, వంతొస్తే చేతులు మండి ఏడ్చేవాళ్లు. నాలుగు నెలలుగా ఒక్క సంచీ కనబడలేదు. వార్డు ఎత్తేశారనుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నారు.

"ఆ వార్డు మళ్లీ తెరిచారా బాబూ?" అని పెద్దక్క లాండ్రీ ఇన్‌చార్జిని అడిగింది.

"మూసిందెప్పుడు పెద్దక్కా? ఇవాళ మీ కోడలి వంతు."

"తన వంతు నేను చేస్తాను."

"రోజూ ఇరవై సంచులొస్తాయి. నీ వంతుకే నీకు ఓపిక చాలదు."

"మరి ఇన్నాళ్లూ ఎవరు చేశారు?"

ఇన్‌చార్జి వంతుల పట్టిక ముందు పెట్టాడు. ప్రతి పేరు పక్కనా 'అయింది' అని ఒకటే చేతిరాత.

"మీకంటే రెండు గంటల ముందొచ్చి అందరి వంతూ తనే చేసేవాడు. చెప్పొద్దన్నాడు."

"పిలిపించు బాబూ. నీ కాళ్లు పట్టుకుంటా."

"నీ ఫిర్యాదు పైవాళ్ల దాకా వెళ్లింది, నా చేతుల్లో ఏముంది? అయినా ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలీదు."

అవతల కోడలు జాకెట్టు చేతులు పైకి మడుచుకుని మొదటి సంచి ముడి విప్పుతోంది.

"వచ్చిన రోజు ఆయన చేతులు శుభ్రంగానే ఉన్నాయి పెద్దక్కా," అన్నాడు ఇన్‌చార్జి పట్టిక మూస్తూ. "ఆ పుళ్లు మనవి."