ముసలాడి పేరు

"బతికున్నవాడి పేరు పసిగుడ్డుకి పెడతారా? అదీ మా నాన్న పేరా?" పెస్యా గుమ్మానికి అడ్డం నిలబడి యూదుల మతగురువు రబ్బీగారి మీద విరుచుకుపడింది.

లోపల పొయ్యి పక్కన, కూతురు హిందా ఒడిలో మనవడు జెలిగ్ ఊపిరి అందక ఎగపోస్తున్నాడు. డాక్టరు వచ్చి, గొంతులోకి చూసి, పెదవి విరిచి వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది పేరు మార్చడం ఒక్కటే.

"నేను పెట్టమనలేదమ్మా. మీ నాన్నే పట్టుబడుతున్నాడు," అని రబ్బీగారు నసిగారు.

పెస్యా తండ్రి ఆల్టర్ చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని టీ చప్పరిస్తున్నాడు.

"ఆల్టర్ అంటే ఏమిటే? ముసలాడు. మృత్యుదూత పసివాడి కోసం వస్తాడు. 'ఒరే ముసలాడా, పాలు తాగరా' అని మీరనడం వింటాడు. ఇల్లు తప్పొచ్చాననుకుని పోతాడు. మా అమ్మ నన్నలాగే దక్కించుకుంది. ఇంతకంటే గట్టి పేరు ఈ ఊళ్ళో ఎవడికుందో చెప్పు."

"ఇంట్లో ఇద్దరు ఆల్టర్‌లుంటే, ఒకడి కోసం వచ్చి ఇంకొకణ్ణి పట్టుకుపోతాడు నాన్నా! అందుకేగా మనం బతికున్నవాళ్ళ పేరు పెట్టుకోం!"

"అయితే ఒక్కడే ఉంటాడు. నా పేరు వాడికిచ్చేశాను. కానివ్వండి రబ్బీగారూ."

మంచులో ఒంటిమీది కోటు విప్పి ఇచ్చినవాళ్ళని రబ్బీగారు చూశారు. ఒంటిమీది పేరు విప్పి ఇచ్చినవాణ్ణి చూడలేదు. లోపలికి వచ్చి కీర్తన చదివారు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టారు.

"ఇకనుంచి వీడు జెలిగ్ కాడు. ఆల్టర్."

"ముసలాడా," హిందా వెక్కుతూ పిలిచింది. "ఒరే ముసలాడా, నా తండ్రీ, కళ్ళు తెరవరా."

పెస్యా కళ్ళు తుడుచుకుని తండ్రి వైపు తిరిగింది. "మరి నిన్నేమని పిలవాలి? పేరు లేని మనిషిని ఇంట్లో ఎలా పెట్టుకోను?"

"నాకూ ఊయల్లో పెట్టిన పేరొకటి ఉందే. పైకి అనొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. మీ అమ్మతో కూడా అనలేదు."

"ఏం పేరు నాన్నా?"

ముసలాయన గ్లాసు అడుగున ఉన్న టీ కూడా తాగాడు. బొచ్చుటోపీ తలకి పెట్టుకుని బయటికి నడిచాడు. చలిగాలి బిడ్డకి తగలకుండా తలుపు గట్టిగా లాగి మూశాడు. మోకాలి లోతు మంచులో నిలబడి ఆకాశం వైపు తలెత్తాడు. ఆయన కేకకి కిటికీ అద్దాలు అదిరాయి.

"ఆనాడు నా ఊయల దాకా వచ్చి, ఎవడో ముసలాడనుకుని తిరిగిపోయావే, ఆ లేమెల్‌ని నేనే! ఇదుగో ఇక్కడున్నాను, లోపలికి పోకు!"