దగ్గితే చాలు

గిన్నెలో జామాయిలు ఆకులు, మరిగిన నీళ్ళు. పైన దుప్పటి. లోపల నేను, పీకల్దాకా జలుబుతో.

"తల బయటపెట్టావో, చూడు," అందావిడ వంటింట్లోంచి.

ఆవిడంటే, పోయినేడాది మా నాన్నని పెళ్ళి చేసుకున్నావిడ.

ఆవిడది మందుల షాపులో కౌంటర్ దగ్గర పని. ఒక్క మాత్ర ఇవ్వండి అంటే, "అవి కస్టమర్లకి," అంది. అమ్మేది మాత్రలు, నమ్మేది అల్లం.

పొద్దున్నుంచీ ఉప్పునీళ్ళు పుక్కిలించాను. పసుపు వేసిన పాలు తాగాను. వీపుకి కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాయించుకున్నాను. నా ముక్కుకి తప్ప అన్నిటికీ వైద్యం జరిగింది.

ఈ సంబంధం చూసింది నేనే. అమ్మ పోయాక నాన్న టీవీతో మాట్లాడటం మొదలెట్టాడు. పెళ్ళిసంబంధాల యాప్‌లో ఆయన ప్రొఫైల్ పెట్టాను. బట్టతల కనపడకుండా ఫొటో క్రాప్ చేసిందీ నేనే.

అన్నీ చేశాను గానీ, ఆవిణ్ణి ఏమని పిలవాలో మాత్రం తేల్చుకోలేదు.

ఆంటీ అంటే పక్కింటావిడ అయిపోతుంది. అమ్మా అనడానికి నోరు రాదు. పిన్నీ అనేది గొంతు దాకా వచ్చి, అక్కడే బఫరింగ్.

అందుకే ఏదైనా కావాలంటే ఎదురుగా వెళ్ళి నిలబడతాను. లేదంటే చిన్నగా దగ్గుతాను. ఆవిడ తిరిగి చూస్తుంది. పని జరిగిపోతుంది.

ఎవరూ గమనించలేదనే అనుకున్నాను.

దుప్పటి కింద దగ్గొచ్చింది.

అడుగుల చప్పుడు. "పిలిచావా?"

"లేదు. దగ్గు."

వెళ్ళిపోయింది. అల్లం దంచడం మొదలైంది.

మళ్ళీ దగ్గాను. అల్లం ఆగింది. అడుగులు.

"తేనె కావాలా?"

"దగ్గండీ. ఉత్త దగ్గు."

"ఓహో."

హాల్లో స్టూలెక్కి ఫ్యాను బిగిస్తున్న నాన్న నవ్వాడు. "ఏరా, మా ఆవిడ చేత పరేడ్ చేయిస్తున్నావేంటి? అసలే మోకాళ్ళ నొప్పులు."

"మీరు ముందు ఆ స్క్రూ తిన్నగా బిగించండి," అందావిడ. "పిల్లేం చేస్తుంది పాపం. ఇన్నాళ్ళూ దగ్గితే వచ్చేదాన్ని. ఇప్పుడు ఏది జలుబో, ఏది నన్ను పిలవడమో తెలిసి చావట్లేదు, అంతే."

నవ్వుతూనే అంది.

లోపల నా చెవులు వేడెక్కాయి. ఆవిరి వల్లే అనుకుందాం.

తర్వాతి దగ్గుని ఆపుకోవాలని చూశాను. నోరు మూసుకున్నాను, దుప్పటి అంచు కరిచిపట్టుకున్నాను. జలుబుకి మర్యాద తెలీదు. రెండింతలై బయటికొచ్చింది.

పీట మీంచి లేస్తే ఆవిడ మోకాలు టక్కుమంటుంది. ఆ టక్కు ఇక్కడిదాకా వినపడింది.

"లేవకండి," అన్నాను.

"లేచేశాగా."

"కూర్చోండి మరి. దగ్గితే రావద్దు. ఏదైనా కావాలంటే పిలుస్తాను."

పీట జరిగిన చప్పుడైంది.

"ఏమని?" అంది.

దుప్పటి కింద చీకటి. ఎవరి మొహమూ చూడక్కర్లేదు. మొహం మీంచి నీళ్ళు కారుతున్నా ఎవరూ ఏమీ అడగరు.

"పిన్నీ అని."

స్క్రూడ్రైవర్ కూడా ఆగిపోయింది.

ముక్కు దిబ్బడలో నా గొంతు నాకే అర్థం కాలేదు. అంత దూరం వెళ్ళిందో లేదో.

"వినపడిందా, పిన్నీ?"

వంటింట్లోంచి చిన్నగా ఒక దగ్గు.

ఇంట్లో జలుబు నాకొక్కదానికే.